స్ప్రూస్ తోటలో భూర్జ మొక్క: ఉంచవలెనా, నరకవలెనా?



క్రిందటి సమావేశంలో జామాయిలు తోట గల ఒక పెద్దాయన నన్నొక ప్రశ్న అడిగినారు. "అయ్యా, నా తోటలో వేప మొక్కలు వాటంతట అవే లేస్తున్నవి. పీకించమంటారా, ఉండనివ్వమంటారా?" అని. వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. నేను పంటల శాస్త్రం బోధించేవాడనే గాని అడవుల శాస్త్రం చదివినవాడను కాను. తరువాత ఆ ప్రశ్న పట్టుకొని పుస్తకాలు తిరగవేయగా, సరిగా ఇదే ప్రశ్నను ఎంతో కాలంగా వేసుకొంటూ, జవాబును రెండు మూడు పర్యాయాలు మార్చుకొన్న రైతులు ఒకచోట ఉన్నారని తెలిసినది. వారు స్వీడను దేశపు రైతులు. ఈనాటి నా మాటలు వారి తోటలను గూర్చి.

స్వీడను భూమిలో నూటికి సుమారు డెబ్భై పాళ్ళు అడవి. అడవి అనగానే మనకు ప్రభుత్వపు రిజర్వు అడవి, ఫారెస్టు గార్డు గుర్తుకు వస్తారు. అక్కడ అట్లు కాదు. ఆ అడవిలో సుమారు సగం మామూలు కుటుంబాలది. మూడు లక్షలకు పైగా యజమానులున్నారు. తాత నాటిన చెట్టు మనుమడు నరుకుతాడు. నరికిన చోట మళ్ళీ నాటుతాడు. దక్షిణ భాగంలో నాటిన అరవై డెబ్భై ఏండ్లకు, ఉత్తరాన వంద ఏండ్లు దాటిన తరువాత గాని చెట్టు కోతకు రాదు. మన జామాయిలు నాలుగైదు ఏండ్లలో లారీ ఎక్కుతుంది గనుక ఈ తేడాను మొదటనే మనసులో ఉంచుకొనవలెను. పంట కాలం పొడుగయిన కొద్దీ తప్పు దిద్దుకొనే అవకాశం తగ్గుతుంది.

అక్కడి ముఖ్యమైన చెట్లు రెండు. ఒకటి స్ప్రూస్, రెండవది పైన్. రెండింటికీ ఆకులు సూదుల వలె ఉంటవి, కాయలు శంకువు ఆకారంలో ఉంటవి, చలికాలంలో ఆకు రాల్చవు. కలపలోను, కాగితపు గుజ్జులోను డబ్బు వచ్చేది వీటి వలననే. ఆ దేశంలో నిలిచియున్న కలపలో నూటికి ఎనభై వంతులు ఈ రెండు జాతులే. మిగిలిన దానిలో హెచ్చుభాగం బర్చి. ఇది మనకు పేరుకైనా తెలిసిన చెట్టే. మన పూర్వులు వ్రాతకు వాడిన భూర్జపత్రం హిమాలయాలలో పెరిగే ఈ జాతి చెట్టు బెరడే. కాబట్టి దీనిని భూర్జమనే పిలుచుకొందాము. ఇక ఆస్పెన్, రోవన్, విల్లో, దక్షిణాన ఓక్ వంటి వెడల్పాకు చెట్లు అక్కడక్కడ కనిపిస్తవి.

పూర్వం ఇంత తక్కువగా ఉండేవి కావు. ఆ అడవులలో అప్పుడప్పుడు కార్చిచ్చు రేగేది. కాలిన నేలలో మొదట లేచేవి భూర్జము, ఆస్పెన్. వాటి విత్తనం గాలికి ఎగిరే నలుసు. ఆకులు, నాచు కప్పని ఉత్త నేల దొరికితే చాలు, మొలుస్తుంది. వాటి నీడన నెమ్మదిగా స్ప్రూస్ పైకి వచ్చేది. నూరేండ్లు గడిచేసరికి స్ప్రూస్ పైచేయి అయ్యేది. మళ్ళీ ఎప్పుడో నిప్పు వచ్చి కథ మొదటికి పోయేది. మంటలు ఆర్పడం బాగా నేర్చుకొన్న తరువాత వెడల్పాకు చెట్లకు ఆ తొలి వంతు పోయినది. నిప్పును ఆర్పుట తప్పని నేననను; ఇండ్లు, కలప కాలిపోతుంటే ఎవరు చూస్తూ ఊరకుంటారు? అయితే ఆ పనికి ఇటువంటి ఫలితం కూడా ఉన్నదని ఆనాడు ఎవరికీ తోచలేదు.

1903లో స్వీడను ప్రభుత్వం ఒక చట్టం చేసినది. చెట్టు నరికినవాడు తిరిగి అడవి లేచేట్లు చూడవలెను అని దాని సారాంశం. మంచి చట్టమే. అంతకుముందు నరికి వదిలివేసిన నేలలు చాలా ఉండేవి. అయితే అప్పటికింకా ఏరి నరకు పద్ధతి విరివిగా ఉండేది. పెద్ద చెట్లను ఏరి కొట్టి చిన్నవాటిని వదిలేవారు. ఎప్పుడూ మేలైన చెట్లే పోయి బక్కచెట్లు మిగిలినవని నిపుణులు విసుగుచెందినారు. 1950లో ప్రభుత్వ అటవీ సంస్థ ఉత్తర ప్రాంతపు తన అడవులలో ఏరి నరకుటను ఆపివేసినది. అప్పటినుండి ఒక చెక్కను మొత్తంగా నరుకుట, నేల దున్నినట్లుగా గీరుట, ఒకే వయసు మొక్కలు వరుసగా నాటుట, మధ్యలో రెండు మూడుసార్లు పలుచన చేయుట, చివరికి మళ్ళీ మొత్తంగా నరుకుట అనే పద్ధతి దేశమంతటా స్థిరపడినది. ఇది పొలం పద్ధతి. మనకు బాగా అర్థమయ్యే పద్ధతి. దిగుబడి కూడా బాగా హెచ్చినది. ఆ మాట దాచకూడదు. గడచిన నూరేండ్లలో ఆ దేశంలో నిలిచియున్న కలప పెరిగినదే గాని తరగలేదు.

పొలంలో పంట ఒకటైతే తక్కినదంతా కలుపే గదా! అక్కడ కలుపు అనిపించుకొన్నది భూర్జము.

ఇందులో ఒక వింత ఉన్నది. స్ప్రూస్ మొక్క నిలదొక్కుకొనుటకు నేలను గీరి, నాచు తీసి, మట్టిని పైకి తెస్తారు. హెక్టారుకు రెండు వేల నుండి రెండున్నర వేల మొక్కలు, అనగా మన ఎకరానికి ఎనిమిది వందల నుండి వెయ్యి వరకు నాటుతారు. అయితే ఆ గీరిన నేలే భూర్జపు విత్తనానికి కావలసిన నేల. ఒక్కొక్క చోట హెక్టారుకు పది వేలకు మించి భూర్జపు మొలకలు లేస్తవి. నాటినవాడు నాటినది రెండు వేలు. గాలి నాటినది పది వేలు. పైగా అవి చిన్నతనంలో స్ప్రూస్ కన్న వేగంగా పెరుగుతవి. గాలి వీచినప్పుడు వాటి కొమ్మలు కొరడాల వలె స్ప్రూస్ చివుళ్ళను కొట్టి గాయపరుస్తవి. రైతుకు కోపం రావడం సహజమే.

ఆ కోపం 1950 తరువాత మందు డబ్బా పట్టినది. మనం వరి చేలలో వెడల్పాకు కలుపుకు 2,4-డి చల్లుతామే, అదే మందును, దాని తోబుట్టువైన 2,4,5-టిని కలిపి విమానాలతో అడవుల మీద చల్లినారు. మందు గడ్డి జాతులను విడిచి వెడల్పాకులను చంపినట్లే, అక్కడ సూది ఆకులను విడిచి భూర్జాన్ని, ఆస్పెన్‌ను చంపినది. అడవిలో పండ్లు ఏరుకొనే ప్రజలు, చుట్టుప్రక్కల కాపురముండేవారు ఎదురుతిరిగినారు. ఆ రెండవ మందును స్వీడనులో 1977లో నిషేధించినారు. కెనడాలో ఇటువంటి వివాదమే వేరొక మందు, గ్లైఫోసేటు, మీద నడిచినది. ఆ దేశంలోని క్విబెక్ రాష్ట్రం 2001 నుండి ప్రభుత్వ అడవులలో కలుపు మందులు మానివేసి, చేతి రంపాలతో పని చేయించుకొంటున్నది.

మందు పోయినా రంపం మిగిలినది. అసలు సంగతి ఇక్కడున్నది, కొంచెం నిదానించి వినవలెను.

మొక్కలు మనిషెత్తు దాటి రెండు మూడు మీటర్ల ఎత్తు వచ్చినప్పుడు లేత తోటను పలుచన చేస్తారు. నడుముకు పట్టా కట్టుకొని, మోటారుతో తిరిగే గుండ్రని రంపపు బిళ్ళ గల పొడుగు కోలతో ఒక మనిషి తోటంతా నడుస్తాడు. ఏది ఉండవలెను, ఏది పోవలెను అనేది అతని చేతిలో ఉంటుంది. విత్తనం, నేల, వర్షం నిర్ణయించినదానికన్న ఆ మనిషి ఆ ఒక్క పనిలో నిర్ణయించేదే హెచ్చు. "ప్రధాన జాతి తప్ప అన్నీ తీసివేయి" అని చెప్పి పంపిన, అరవై ఏండ్లకు ఆ తోట ఒకే జాతిది అవుతుంది. "ప్రతి పది చెట్లకు ఒకటి రెండు మంచి భూర్జాలు, స్ప్రూస్ చచ్చిన ఖాళీలలో లేచినవి, ఉంచు" అని చెప్పి పంపిన, అదే నేలలో మిశ్రమపు తోట తయారవుతుంది. రెండింటికీ కూలి దాదాపు ఒకటే. చెప్పే మాటలోనే తేడా.

1979 నాటి అటవీ చట్టం లేత తోటలను పలుచన చేయడం యజమాని విధిగా పెట్టినది. 1993లో చట్టాన్ని సవరించి, కలప ఉత్పత్తికి, ప్రకృతి రక్షణకు సమానమైన స్థానం ఇచ్చి, ఇటువంటి నిర్బంధాలు చాలావరకు ఎత్తివేసినారు. నరికేటప్పుడు కొన్ని చెట్లను వదలడం, మనిషెత్తు దాటిన మోళ్ళను కావాలనే నిలపడం, కుళ్ళే మానులను అక్కడే పడియుండనీయడం అలవాటైనది. ఎండిపోయిన మానులతో ఏమి పని అని మనకు అనిపించవచ్చును. తెల్లవీపు వడ్రంగిపిట్ట అనే పక్షి చచ్చిన వెడల్పాకు మానులలోని పురుగులను తిని బ్రతుకుతుంది. ఆ మానులు లేకపోయేసరికి ఆ పిట్ట స్వీడనులో దాదాపు అంతరించే స్థితికి వచ్చినది. ఆస్పెన్ ముదురు బెరడు మీద మాత్రమే పెరిగే నాచులూ ఉన్నవి. చెట్టు జాతి ఒకటి పోయిన దానితోపాటు ఎన్ని పోతవో లెక్క కట్టడం కష్టం.

ఇక రంపంతో సంబంధం లేని నరకుడు ఒకటి ఉన్నది. అది మూస్ అనే మృగం. మన కణుజు జాతిదే గాని దానికన్న ఎంతో పెద్దది, గుర్రమంత ఎత్తు ఉంటుంది. చలికాలంలో దీనికి పైన్ లేతకొమ్మలు, ఆస్పెన్, రోవన్, విల్లో అంటే ప్రీతి. స్ప్రూస్‌ను అంతగా ముట్టదు. ఫలితం ఏమనగా, పైన్‌కు తగిన పొడి నేలలలో కూడా రైతులు స్ప్రూస్ నాటుతున్నారు. నేలకు తగిన చెట్టు కాదు, మృగం తినని చెట్టు! మొక్కజొన్నకు అడవిపందుల బెడద ఉన్న గ్రామాలవారు దీనిని సులభంగా గ్రహిస్తారు. పంటను నేల బట్టి కాక పంది బట్టి ఎంచుకొనే రోజు మనకూ వచ్చినది.

ఒకే జాతి తోటలోని అపాయం ఎప్పుడు బయటపడినదంటే, 2005 జనవరి 8న. ఆనాడు గుడ్రున్ అనే పెనుగాలి దక్షిణ స్వీడను మీదుగా పోయినది. రాత్రికి రాత్రే సుమారు ఏడున్నర కోట్ల ఘనపు మీటర్ల కలప నేలకొరిగినది. ఆ దేశమంతా ఒక ఏడాదిలో నరికే కలపకు ఇది ఇంచుమించు సమానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టినప్పుడు ఆ రైతుల ముఖాలు చూచినవారికి ఆ తెల్లవారుజాము ఎట్లుండెనో వేరే చెప్పనక్కరలేదు. అక్కడ పడినది అత్యధికంగా స్ప్రూస్. దానికి కారణాలు ఉన్నవి. స్ప్రూస్ వేళ్ళు పైపైన ప్రాకుతవి. చలికాలంలో కూడా ఆకు నిలుపుకొనును గనుక గాలికి తెరచాప వలె అడ్డుపడుతుంది. భూర్జానికి అప్పుడు ఆకే ఉండదు, గాలి సందులలోనుండి పోతుంది. ఆ యేడు నేల గడ్డకట్టక మెత్తగా ఉన్నది. అప్పుడే పలుచన చేసిన తోటలు మరింతగా దెబ్బతిన్నవి. తుఫానులోను, తరువాత మెలికపడి పడియున్న మానులను కోసి తీసే పనిలోను మనుషులు చనిపోయినారు. వంగి బిగిసియున్న మాను కోసినప్పుడు ఎటు ఎగురునో తెలియదు.

తరువాత జరిగినదే నాకు ఆలోచన కలిగించినది. ప్రభుత్వం తిరిగి నాటుటకు సహాయం ఇచ్చినది. వెడల్పాకు చెట్లు నాటినవారికి ఆ సహాయం ఎక్కువ. అయినను పడిన చోట అధికభాగం మళ్ళీ స్ప్రూస్‌నే నాటినారు. వారు తెలివితక్కువవారని అనుకొనకండి. నర్సరీలో దొరికేది స్ప్రూస్ మొక్క. కోత మిల్లు కొనేది స్ప్రూస్ మాను. తండ్రి నేర్పిన పని స్ప్రూస్ పని. వెడల్పాకు మొక్క నాటిన మృగం తినకుండ కంచె వేయవలెను, కంచెకు ఖర్చు. ధర తెలిసిన పంటను వదలి తెలియని పంటకు పోవడం ఎంత కష్టమో, ధర పడిపోయిన మరుసటి యేడు కూడా మళ్ళీ మిరపే వేసే మనకు తెలియనిదా? కాబట్టి కొందరు పండితులు ఆ రైతులను తప్పు పట్టినట్లు నేను పట్టను. కాని లెక్క మాత్రం చెప్పక తప్పదు.

ఆ లెక్క 2018లో వచ్చినది. ఆ వేసవి యూరపు అంతటా ఎండ, వానలేమి. నీరు చాలక నీరసించిన స్ప్రూస్ చెట్లను బెరడు పురుగు పట్టినది. ఇది బియ్యపు గింజంత కూడా లేని గోధుమరంగు పెంకు పురుగు. ఆరోగ్యముగల చెట్టు జిగురు కార్చి దానిని ముంచివేస్తుంది. నీరు లేని చెట్టుకు జిగురు ఉండదు. మొదట చేరిన పురుగులు వాసన విడిచి తోటి పురుగులను వేల సంఖ్యలో పిలుస్తవి; బెరడు క్రింద కాలువలు తొలిచి గ్రుడ్లు పెడతవి; చెట్టు నిలువునా ఎండుతుంది. 2018 నుండి 2021 వరకు స్వీడనులో ఈ పురుగు చంపిన స్ప్రూస్ రెండు కోట్ల ఘనపు మీటర్లకు మించినది. జర్మనీలోని హార్ట్స్ కొండలలో స్ప్రూస్ తోటలు కొండకు కొండగా బూడిదరంగుకు తిరిగినవి.

ఇక్కడ భూర్జం చేసే ఒక మేలు తెలిసినది. పురుగు చెట్టును వెదకేది వాసన బట్టి. భూర్జపు ఆకు, బెరడు విడిచే వాసన దానికి "ఇది నీ చెట్టు కాదు" అని చెప్పినట్లుగా పని చేస్తుందని కీటకశాస్త్రజ్ఞులు చూపినారు. అన్నీ స్ప్రూస్ అయిన తోటలో పురుగుకు దారి తిన్నగా ఉంటుంది. నడుమ భూర్జాలు ఉన్నచోట దారి తప్పుతుంది. పూర్తిగా ఆగుతుందని చెప్పను. కరవు గట్టిగా వచ్చినప్పుడు మిశ్రమపు తోటలో స్ప్రూస్ కూడా చస్తుంది. కాని స్ప్రూస్ చచ్చిన చోట భూర్జం నిలిచియుంటుంది. యజమానికి పూర్తిగా ఖాళీ నేల మిగలదు.

వేరుకుళ్ళు తెగులు సంగతి కూడా ఇటువంటిదే. పలుచన చేసినప్పుడు తాజా మోడు మీద బూజు బీజం పడి, వేరు నుండి ప్రక్క స్ప్రూస్ వేరుకు ప్రాకి, మాను లోపల డొల్ల చేస్తుంది. పైకి ఏమీ తెలియదు. మిల్లుకు పోయిన తరువాత తెలుస్తుంది. అందుకే మోళ్ళకు మందు పూస్తారు, లేదా గడ్డకట్టే చలిలో నరుకుతారు. ప్రక్క వేరు వేరొక జాతిదైన తెగులు నడక మందగిస్తుంది.

మరి దిగుబడి? రైతు అడిగే మొదటి ప్రశ్న ఇదే, అడగవలసినదీ ఇదే. స్వీడనులో ఊరూరా అడవి కొలతలు తీసే జాతీయ సర్వే ఒకటి చాలా కాలంగా నడుస్తున్నది. ఆ కొలతలను పట్టి 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, చెట్ల జాతులు ఎక్కువైన చోట్ల కలప బరువు, నేలలోని సేంద్రియ కర్బనం, అడవి పండ్ల కాపు వంటివి మొత్తం మీద ఎక్కువగా కనిపించినవి. ఏ ఒక్క జాతీ అన్నిటిలోను మొదటిది కాదని కూడా తేలినది. ఒకటి కలపకు మేలు, ఒకటి పండ్లకు మేలు. అయితే ఇక్కడ మీరు జాగ్రత్తగా ఉండవలెను. మంచి నేల కావడం వలన అక్కడ ఎక్కువ జాతులు ఉన్నవా, ఎక్కువ జాతులు ఉండడం వలన దిగుబడి హెచ్చినదా అని అడగవలెను. పరిశోధకులు నేల, వాతావరణం లెక్కలోకి తీసుకొన్నారు. అయినను సర్వే వేరు, మడులు కట్టి చేసిన ప్రయోగం వేరు అని మా శాస్త్రంలో మొదటి తరగతిలోనే చెబుతాము. నా మట్టుకు నేను "కలపడం వలన నష్టం లేదు, అపాయం తగ్గుతుంది" అనే వరకు నమ్ముతాను. "కలిపిన ప్రతిచోటా దిగుబడి పెరుగుతుంది" అనే మాట నమ్మను.

చిన్న భూర్జాల నీడ స్ప్రూస్‌కు ఒక విధంగా మేలు కూడా. ఆ దేశంలో జూన్ మాసంలో కూడా రాత్రి మంచు పడి లేత స్ప్రూస్ చివుళ్ళు మాడిపోతవి. పల్లపు నేలలలో పలుచగా భూర్జాలను పైన ఉంచి, క్రింద స్ప్రూస్ పెరగనిచ్చి, మంచు ఎత్తు దాటిన తరువాత భూర్జాలను నరికి అమ్ముకొంటారు. కొత్త తమలపాకు తోటలో అవిసె చెట్టు నీడ ఇచ్చినట్లు. ఆ విధంగా ఒకే నేలలో రెండు పంటలు చేతికి వస్తవి.

విదేశపు జాతులను గూర్చి ఒక్క మాట. 1970 తరువాత పశ్చిమ కెనడా నుండి లాడ్జ్‌పోల్ పైన్ అనే జాతిని తెచ్చి స్వీడను ఉత్తరాన విస్తారంగా నాటినారు. దేశవాళీ పైన్ కన్న వేగంగా పెరుగును. పేరుకు జాతుల సంఖ్య ఒకటి పెరిగినది. కాని ఆ తోటలు చిక్కగా పెరిగి, రెయిన్‌డీర్ మేపుకొనే సామీ జాతివారికి దారి లేకుండా, మేత నాచు లేకుండా చేసినవని వారి ఫిర్యాదు. జాతుల లెక్క పెంచడం వేరు, అడవి వైవిధ్యం పెంచడం వేరు అని దీనివలన తెలియవలెను.

మన జామాయిలుకు ఈ కథలో సంబంధం లేకపోలేదు. 2001 తరువాత దక్షిణ భారతంలో ఆకు ఈనెల మీద, తొడిమల మీద బుడిపెలు కట్టించే చిన్న కీటకం జామాయిలు నర్సరీలను, లేత తోటలను పట్టినది. మన తోటలు ఒకే జాతివే కాదు, తరచు ఒకే తల్లిచెట్టు నుండి తీసిన క్లోను మొక్కలు. ఒకటి దొరికిన అన్నీ దొరికినట్లే. ఆ విషయంలో మనం స్వీడను రైతు కన్న ఒక మెట్టు ముందుకు పోయి, అంటే అపాయంవైపు పోయి, ఉన్నాము.

ఇక ఆ పెద్దాయన ప్రశ్న. భూర్జం స్ప్రూస్‌తోపాటు నలభై యాభై ఏండ్లు పెరిగి తానూ కలప అవుతుంది. వేప నాలుగేండ్లలో కలప కాదు. వరుస మధ్యన ఉన్న వేప కోత నాడు ఎట్లాగూ పోతుంది, అంతవరకు నీటిలో పాలు తీసుకొంటుంది. కాబట్టి వరుసలలోనివి తీసివేయమని, గట్ల మీద, మూలలలో, జామాయిలు చచ్చిన ఖాళీలలో లేచినవి ఉంచమని ఆయనకు కబురు చేసినాను. క్లోను కూడా ఒక్కటే కాక రెండు మూడు రకాలు చెక్కలు చెక్కలుగా వేయమన్నాను. ఆయన తిరుగు కబురు పంపినారు: "కూలివాళ్ళకు ఏది వేపో ఏది కలుపో నేను దగ్గరుండి చూపకపోతే అన్నీ పోతాయి గదయ్యా. అందుకని ఉంచవలసిన మొక్కలకు పాత గుడ్డపీలికలు కట్టినాను." స్వీడనులో రంపం పట్టిన మనిషికి ఉంచవలసిన చెట్లకు రంగు పట్టీలు కట్టి చూపుతారని ఆయనకు నేను చెప్పనే లేదు. వచ్చే నెల పలుచన చేసే రోజున తోటకు వచ్చి చూస్తానని మాట ఇచ్చినాను.